బాపు అన్‌ఫిట్ కావాలని

మా కాలనీలో ఒక మనిషికి జబ్బు చేసిందంటే చూడవచ్చేవాళ్ళు రెండు రకాలు. కొందరు బత్తాయిలు పట్టుకొస్తారు. కొందరు ఉత్త చేతులతో వచ్చి, మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి, "బోర్డుకు పెట్టినవా?" అని అడుగుతారు. గోదావరిఖనిలో పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న వింత కాదు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి ఇక ఆ పని చెయ్యలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని కొడుక్కో కూతురికో కొలువు దొరుకుతుంది. దీన్ని మావాళ్ళు అన్‌ఫిట్ కావడం అంటారు. పిల్ల పెళ్ళి కుదిరినంత సంబరంగా "వాళ్ళాయన అన్‌ఫిట్ అయిండట" అని చెప్పుకుంటారు.

ఆ ఏడు మా బాపు అన్‌ఫిట్ కావాలని ఇంటిల్లిపాదీ కోరుకున్నాం. అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆయన కూతుర్ని, నేను. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది తేలికవుతుందనుకున్నాను గానీ, కాలేదు.

నేను చౌరస్తా దగ్గర ఒక చిన్న ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. మనుషుల పేర్లు మర్చిపోతాను, మోచేతి నరాన్ని మాత్రం మర్చిపోను. అయితే ఆ కొలువు రేపు రావద్దంటే రేపటినుంచి లేనట్టే. కంపెనీ కొలువు వేరు. అది వస్తే క్వార్టర్ ఉంటుంది, దవాఖాన ఉంటుంది, నెల తిరిగేసరికి గుండె దడ ఉండదు. రిటైర్‌మెంట్‌కు ఇంత కాలం ముందే బోర్డు అన్‌ఫిట్ అని తేల్చాలని నియమం ఉంది. బాపుకు ఆ గడువు ఆరు నెలలు కూడా మిగల్లేదు. నాకేమో వయసు మీదపడుతోంది. ఇప్పుడు తప్పితే ఇద్దరికీ తప్పినట్టే.

బాపు బాయిలో పంపు నడుపుతాడు. భూమిలోపల ఊరే నీళ్ళను పైకి తోడే పంపు. బాయి పని అనగానే అందరూ ఒళ్ళు హూనం చేసుకునే పని అనుకుంటారు. పంపు దగ్గర పని కూర్చునే పని. స్విచ్ వెయ్యాలి, నీళ్ళు చూడాలి, మళ్ళీ బల్ల మీద కూర్చోవాలి. ఒకప్పుడు ఏటవాలు దారిలో దిగి, షిఫ్టు అయ్యాక అంత దారీ ఎక్కి రావాల్సి ఉండేది. మనుషుల్ని మోసే కుర్చీలు వచ్చాక ఆ నడకా పోయింది. ఇంటినుంచి బాయికి బండి, బాయిలో కుర్చీ, పంపు దగ్గర బల్ల. అయినా కాస్త నడువు బాపూ అంటే, ముప్పై ఏండ్ల సంది బాయి దిగుతున్నవాడికి నడక నేర్పుతావా అని నామీదికి లేచేవాడు.

తిండి సంగతి ఇంకా విచిత్రం. కొన్నేళ్ళ కింద అమ్మ టైఫాయిడ్‌తో చావుదాకా పోయి వచ్చింది. ఆమె బతికితే నీసు ముట్టనని బాపు కొండగట్టులో మొక్కుకున్నాడు. ఆమె బతికింది, ఈయన మాంసం, చేప, గుడ్డు వదిలేశాడు. తర్వాత కడుపుబ్బరమని పాలూ పెరుగూ కూడా మానేశాడు. ఆదివారం కాలనీ అంతా మసాలా వాసన కొడుతుంటే మా ఇంట్లో పప్పుచారు, మామిడికాయ తొక్కు, నల్లటి చాయ్. తోటివాళ్ళు "పంతులు" అని ఏడిపించేవాళ్ళు. నీసు మానేసినవాడి దగ్గరికి గుండెజబ్బు రాదని బాపు ధీమా. తంబాకు మాత్రం దవడలో ఉండాల్సిందే. దానికి మొక్కు లేదు కదా.

అట్లాంటి మనిషి ఒకరోజు బియ్యం బస్తా మెట్లెక్కిస్తూ మధ్యలో దించేసి కూర్చున్నాడు. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయిందన్నాడు. పాదాల్లో తిమ్మిర్లు అంతకుముందునుంచే ఉన్నాయి. కరీంనగర్‌లో గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బీపీ ఎక్కువుందని ఆమె గోలీలు రాసింది. ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపించి చూస్తే ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఆమె బాపును మందుల గురించి కాదు, తిండి గురించి చాలాసేపు అడిగింది. ఆకుకూర ఎట్లా వండుతారని కూడా అడిగింది. ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి, తాలింపు వేస్తామని చెప్పాను. ఆమె తలూపి పరీక్షల చీటీలో ఒక పేరు అదనంగా రాసింది. హోమోసిస్టీన్.

ఆ పేరు నాకు తెలుసు, ఎందుకంటే ఆ పరీక్షకు రక్తం తియ్యడమంటే ల్యాబులో అందరికీ విసుగు. తీసిన వెంటనే గొట్టాన్ని ఐసులో పెట్టాలి. జల్దీ మిషన్లో తిప్పి సీరం వేరుచెయ్యాలి. అట్లాగే వదిలేస్తే రక్తకణాలు ఆ పదార్థాన్ని వదులుతూనే ఉంటాయి, మనిషి ఒంట్లో లేని నంబరు రిపోర్టులోకి ఎక్కుతుంది. అందుకే నేను బాపు చేతికి రబ్బరు పట్టీ కట్టకముందే ఐసు డబ్బా పక్కన పెట్టుకున్నాను. హైదరాబాదునుంచి రిపోర్టు వచ్చింది. పదిహేను లోపల ఉండాల్సింది ముప్పై ఎనిమిది ఉంది. బీ పన్నెండు విటమిన్ అడుగంటింది.

బాపు రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు, ఎంతుండాలె, ఎంతున్నదని. పరీక్ష పాసైన పిల్లాడి మొహం పెట్టాడు. నేను కూడా అదే మొహం పెట్టి ఉంటాను.

పక్క క్వార్టర్లో ఉండే, నేను బాబాయి వరసన కాక అని పిలిచే ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. ఆయన అన్‌ఫిట్ అయి కొడుకును కొలువులో పెట్టినవాడు కాబట్టి మా వరండాల్లో ఈ విషయానికి ఆయనే ప్రొఫెసరు. ఆ కాగితాన్ని తిరగేసి చూసి చెప్పాడు:

"గీ రోగం పేరు బోర్డుల ఎవ్వడు తెచ్చి ఉండడు. పట్టుకొని ఉండుండ్రి. దించుకోకుండ్రి."

డాక్టరమ్మ మాత్రం నేనొక్కదాన్నే రిపోర్టు పట్టుకుని రెండోసారి పోయినప్పుడు వేరే మాట చెప్పింది. ఈ హోమోసిస్టీన్ రక్తనాళాల గోడలకు చెరుపు చేస్తుందని అనుమానం, కాబట్టి ఎక్కువుంటే పట్టించుకోవాలి. బీ పన్నెండు, ఫోలిక్ ఆసిడ్ అందితే చాలామందిలో దిగుతుంది. పొగాకు మానాలి, రోజూ నడవాలి. కానీ ఈ ఒక్క నంబరు దిగితే గుండె భద్రమైనట్టు కాదు, బిళ్ళలతో దాన్ని దించినంత మాత్రాన గుండెపోట్లు తప్పుతాయని తేలలేదు, అసలు దొంగలు బీపీ, పొగాకు, కూర్చునే బతుకు అని వేళ్ళు మడిచి మరీ చెప్పింది. నేను విన్నాను. నా కొలువుకు పనికొచ్చే ముక్కను మాత్రం గుర్తుపెట్టుకుని బస్సెక్కాను.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటారు చూడండి, అది నా కథే. బాపు బోర్డులో పనికిరానివాడు కావాలి, ఇంట్లో నిండు నూరేళ్ళు ఉండాలి. అందుకని బాపుతో దొంగాట మొదలుపెట్టాను. డాక్టరమ్మ రాసిన బీ పన్నెండు సూదుల్ని తిమ్మిర్లకని చెప్పి వేశాను. వాటికీ ఆ నంబరుకూ సంబంధం ఉందని బాపుకు చెప్పలేదు. అమ్మతో ఆకుకూర నీళ్ళు మోరీలో పొయ్యడం మాన్పించాను. పాలకూర పప్పులోనే వేసి మూతపెట్టమన్నాను, తొక్కు పక్కన పెట్టి పెసర్లు, శనగలు గుగ్గిళ్ళు చేయించాను. పొద్దున ల్యాబుకు పోయే దారిలో కుక్కలు వెంటపడుతున్నాయని అబద్ధమాడి బాపును తోడు రమ్మన్నాను. కూతురి వెనక కుక్క పడుతుందంటే ఏ తండ్రి ఇంట్లో కూర్చుంటాడు? కర్ర పట్టుకుని బయల్దేరేవాడు. మొదటి వారం రెండుచోట్ల ఆగాడు. నెల తిరిగేసరికి నేనే ఆయన వెనక పడ్డాను. తంబాకు మాత్రం తగ్గింది గానీ పోలేదు.

ఇదంతా చేస్తూ మరోవైపు నా సర్టిఫికెట్లకు నకళ్ళు తీయించాను. బోర్డు తేదీ వచ్చింది. ఇంకా మూడు వారాలుందనగా బాపు నన్ను వరండాలోకి పిలిచి, ఫైల్లో పెట్టడానికి ఆ పెద్ద నంబరు పరీక్ష మళ్ళీ ఒకసారి చేసి, కొత్త తేదీతో కాగితం ఇవ్వమన్నాడు. పాతది మూడు నెలల కిందటిదని కాక అన్నాడట.

మర్నాడు పొద్దున ఏడున్నరకు, నడిచి ల్యాబు చేరాక రక్తం తీశాను. బాపు ఇంటికి పోయాడు. నేను గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఐసు డబ్బా మూత తీసే ఉంది.

మూడు నెలల సూదులూ పాలకూరా ఏం చేసి ఉంటాయో నాకు తెలుసు. ఈ గొట్టంలో ఉన్నది చిన్న నంబరు. దీన్ని ఐసులో పెట్టానంటే బాపు బాగుపడ్డాడని నా చేతులతో నేనే రాసిచ్చినట్టు. పెట్టకపోతే? నేను ఏ అంకే దిద్దడం లేదు. ఎవరి సంతకమూ పెట్టడం లేదు. కొంచెం ఆలస్యం చేస్తున్నానంతే, ఆలస్యం ఎవరికి కాదు? ఇట్లా నాకు నేనే వకీలునై వాదించుకుని గొట్టాన్ని స్టాండులో గుచ్చి వదిలేశాను.

ఆ పొద్దున ఒక ముసలావిడకు రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. నాకు అట్లా ఎప్పుడూ కాదు. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపింది, తొమ్మిదిన్నర చూపింది. స్టాండులో ఆ గొట్టం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. పది దాటాక అందులో పైన తేటనీరు పేరుకుంది. ఇంకొంతసేపు ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది అనుకున్నాను. తండ్రి రక్తాన్ని పులిసేదాకా ఉంచుతున్న కూతుర్ని అనే ఆలోచన వచ్చింది. వచ్చినా లేవలేదు.

పదిన్నరకు బాపు మళ్ళీ వచ్చాడు. రెండో షిఫ్టుకు పోయేముందు నేను మర్చిపోయిన టిఫిన్ ఇచ్చిపోదామని ఎండలో నడిచే వచ్చాడు. మా ల్యాబు మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించి, మధ్యలో ఆగింది. కాసేపైనా మళ్ళీ మొదలుకాలేదు. నేను బయటికి వెళ్ళి చూసేసరికి ఆయన ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో టిఫిన్ డబ్బాను ఛాతీకి అదుముకుని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. పెదాలు పాలిపోయాయి.

పట్టుకుని లోపలికి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. బీపీ పట్టీ కట్టాను. పై అంకె నూట తొంభై దాటింది. గోలీలు వేసుకుంటున్నావా అని అడిగాను. ఆయన టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టాడు. గట్టిగా అరిచాను. పదిహేను రోజుల సంది ఆపిండట, బోర్డు ముందర బీపీ దిగొద్దని కాక చెప్పిండట. నాకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు ఒప్పుకోవని అన్నాడు. అప్పుడు, ఆ నొప్పిలోనే, మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచి నావైపు చాపాడు.

"సూడు బిడ్డా, ఇప్పుడు తీస్తె మంచిగొస్తదేమో."

నేను ఆ మాటను ఇప్పటికీ పూర్తిగా తలుచుకోలేను. మా బాపు నవ్వుతున్నాడు. తన ఒంట్లో ఇప్పుడున్నంత రోగం మళ్ళీ దొరకదేమోనని, పోకముందే పట్టుకొమ్మని కూతురికి చెయ్యి చాపుతున్నాడు. స్టాండులో ఉన్న గొట్టాన్ని తీసి చెత్త పడేసే డబ్బాలో విసిరికొట్టాను. ఆయనకు అర్థం కాలేదు. కాలేదని నేను అనుకుంటున్నాను.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, మళ్ళీ మళ్ళీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. గుండెపోటు కాదన్నారు. మందు మానేసినందుకు బీపీ ఎగబాకి గుండె మీద భారం పడిందని, ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని అన్నారు. అక్కడే నేను ఐసు తెప్పించుకుని, పద్ధతి ప్రకారం మరోసారి హోమోసిస్టీన్‌కు రక్తం తీశాను. ఈసారి గొట్టం నా చేతిలోంచి నేరుగా ఐసులోకే పోయింది. కానీ నాలుగు రోజులకు పదిహేడు అని రిపోర్టు వచ్చినప్పుడు, ఫోన్లో ఆ అంకె చూసిన ఆ క్షణాన నాకు కలిగింది సంతోషం కాదు. చేతికందిన బువ్వ నేలపాలైనట్టు అనిపించింది. ఇంత జరిగాక కూడా అట్లా అనిపించింది. కాసేపటికి, ఒక్క నంబరు దిగితే గుండె భద్రమైనట్టు కాదన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. ఆ పదిహేడు అంకె ఆ రోజు కూడా బాపు రక్తంలో ఉంది. అంత మంచి నంబరు పెట్టుకునే మనిషి మెట్ల మీద ఆగిపోయాడు.

ఆ రోజు దవాఖాన మంచం పక్కన మేమిద్దరం పోట్లాడుకున్నాం. నేనే మొదలుపెట్టాను. చచ్చి సాధిస్తావా, నీ చావు మీద వచ్చే కొలువు నాకెందుకు అని నోటికొచ్చినట్టు అన్నాను. బాపు సెలైన్ గుచ్చిన చేతివైపు చూస్తూ అన్నాడు:

"నీకియ్యనీకి నా దగ్గర ఇంకేమున్నది బిడ్డా, ఈ పానం తప్ప."

నిజమే. భూమి లేదు, ఇల్లు లేదు, ఉన్న క్వార్టర్ కంపెనీది. ముప్పై ఏళ్ళు చీకట్లో కూర్చుని సంపాదించిన హక్కు అదొక్కటే, అదీ తను పాడైపోతేనే చేతికొస్తుంది. నేను కోపంతోనే పని కానిచ్చాను. ఇంటికొచ్చాక ఫైల్లోంచి నా సర్టిఫికెట్లు తీసి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. రోజూ నా ముందర గోలీ మింగితేనే బోర్డు నాడు అవి బయటికి తీస్తానన్నాను. తంబాకు నోట్లో కనపడితే అసలే తియ్యనన్నాను.

ఆ రెండున్నర వారాలు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కాక రావడం మానేశాడు. పొద్దున అమ్మ నీళ్ళ గ్లాసు పెట్టేది, నేను గోలీ చేతిలో పెట్టేదాన్ని, బాపు మింగి, నోరు తెరిచి చూపించేవాడు, చిన్నపిల్లలు చూపించినట్టు. మింగిన ప్రతి గోలీ తన ఆశ మీద మన్ను పోస్తోందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అయినా మింగేవాడు, కూతురి సర్టిఫికెట్లు తాళంలోంచి బయటికి రావాలని. మళ్ళీ నడక మొదలైంది, ఈసారి కుక్కల అబద్ధం లేకుండా. పక్కపక్కనే నడిచేవాళ్ళం. బీపీ రోజూ రాసిపెట్టాను. అంకెలు మెట్టు మెట్టు దిగుతుంటే, ఇంకొంచెం మెల్లగా దిగరాదా అని ఒకసారి మనసులో అనుకుని, లెంపలేసుకున్నాను.

బోర్డు నాడు ఇచ్చిన మాట ప్రకారం సర్టిఫికెట్లు తీసి ఫైల్లో పెట్టాను. బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కొందరు గడ్డం పెంచుకుని, చెప్పుల్లేకుండా, ఒకరి భుజం మీద ఒకరు వాలుతూ వచ్చారు. వాళ్ళను చూసి బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నందుకు నొచ్చుకున్నట్టున్నాడు, చేతులు మడుచుకుని ఒక మూలకు నిలబడ్డాడు. పేరు పిలిచాక లోపలికి పోయాడు. నేను బయట మెట్ల దగ్గర ఆగాను. లోపల గుండె, బీపీ, అన్నీ చూశారట. బెల్టు మీద నడిపిస్తే చెప్పినంతసేపూ ఆగకుండా నడిచాడట. పదిహేడు కాగితం నేను చూపించనే లేదు కాబట్టి, ముప్పై ఎనిమిదని ఉన్న పాత కాగితాన్నే బాపు ముందుకు జరిపాడట. వాళ్ళు ఒకసారి చూసి, ఇది మంచి తిండితో, మందుతో దిగేదేనని చెప్పి పక్కన పెట్టారట. ఏ నంబరు కోసం నేను మూడు గంటలు గడియారం చూస్తూ కూర్చున్నానో, ఆ నంబరుకు అక్కడ అంతే విలువ.

బయటికి వచ్చేటప్పుడు బాపు నడక చూసి నాకు ముందే తెలిసిపోయింది. నిటారుగా, ఆయాసం లేకుండా వచ్చాడు. నా దగ్గరికొచ్చి ఫైలు నా చేతిలో పెట్టాడు. చుట్టూ జనం ఉన్నారు. మేం ఇంటిల్లిపాదీ ఏడాదంతా కోరుకున్న దాన్ని తను నా ముందర గోలీలు మింగకముందునుంచే నేను పడగొడుతూ వచ్చానని ఆయనకు తెలియదు, సూదులు తిమ్మిర్లకే అనుకుంటున్నాడు. తలొంచుకుని అన్నాడు:

"ఫిట్ అన్నరు బిడ్డా. నాతోని కాలే. ఏమనుకోకు."

కడుపున పుట్టిన కూతురికి, తన గుండె బాగున్నందుకు మా బాపు క్షమాపణ చెప్పుకున్నాడు. నేను ఫైలు చంకలో పెట్టుకుని విన్నాను.